పదమూడో నంబరు పానా

పొద్దున తాళాలిచ్చినప్పుడు
దాని ఒంటినిండా ఒకటే ఆకుపచ్చ.
సాయంత్రం తెచ్చుకుంటూ
ఒలీవా వీధిదీపం కిందికి రాగానే
బానెట్ మీద సాలెగూడు వెలిగింది.
వేల గీతలు, గుండ్రంగా, ఓపిగ్గా,
ఇసుక నిండిన స్పాంజితో ఎవరో
నా బండికి తలంటి పోసినట్టు.

బిల్లు మీద రాసుంది: వాష్ ఉచితం.

సీటు వెనక్కి జరిగింది, పెడలుకి కాలు అందదు.
రేడియో తిప్పితే ఫుట్‌బాల్ గోల.
పైకప్పు గుడ్డ మీద నల్లటి బొటనవేలి ముద్ర,
దస్తావేజు మీద వేసినంత స్పష్టంగా.
మీటరులో పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ.
సముద్రం దాకా వెళ్లొచ్చినట్టుంది,
నాతో ఒక్క మాట చెప్పలేదు.

నేను పియానోలు శ్రుతి చేసేదాన్ని.
ముప్పై ఒక్క ఏళ్లుగా చెవులతో అన్నం తింటున్నాను.
గీతలైతే కళ్లు మూసుకోవచ్చు.
మూడో గేరులో, ట్రాం పట్టాలు దాటుతుంటే
ముందు నుంచి
టింగ్.

షోరూములో రడోస్వావ్ టై సర్దుకున్నాడు.
"పాని వియెస్వావా, ఆ గీతలు ముందు నుంచే ఉన్నాయి,
ఎండలో చూసుంటే మీకే తెలిసేది."
గ్దాన్స్క్‌లో, నవంబరులో, ఎండ!
"చప్పుడంటారా, కంప్యూటరు ఏమీ చెప్పలేదే."
దానికి చెవులున్నాయా అని అడిగాను.
కాఫీ తెప్పించాడు.

మర్నాడు ఫోనులో తేనెపూసిన గొంతు:
"మా సేవకి పదికి ఎన్ని మార్కులు?
తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క, పాని."
మరి మిగతా అంకెలు ఎందుకు పెట్టుకున్నారమ్మా
అన్నాను. ఆ పిల్ల నవ్వింది, వెంటనే ఆపుకుంది.
పక్కనెవరో వింటున్నారు కాబోలు.

బుధవారం, బడి వెనక, సన్నటి తుంపర.
టార్చి పళ్ల మధ్య కరిచి బానెట్ ఎత్తాను.
బ్యాటరీ పక్క సందులో పడుకునుంది
పానా. పదమూడో నంబరు.
పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది, మీద ఒక అక్షరం.
అలవాటు ఊరుకోనిస్తుందా,
మెట్టు అంచుకి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాను.
నా శృతిదండం కన్నా కాస్త కిందికి,
దిగులుగా, కానీ నికరంగా పలికింది.
లోపలున్న పియానో కన్నా నయం.

గురువారం పక్క గేటు లోంచి వెళ్లాను.
నీళ్ల గొట్టం పట్టుకుని ఒక కుర్రాడు,
పంతొమ్మిది దాటి ఉండవు, మోచేతుల దాకా తడి.
పానా చూడగానే మొహంలోకి రక్తం వచ్చింది.
"ఒకటి పోతే సెట్టంతా జీతంలో కోస్తారు.
మూడు రోజులుగా వెతుకుతున్నాను."
పేరు బ్వాజేయ్.

కడిగింది నువ్వేనా?
"బండికి తొమ్మిది నిమిషాలు. బకెట్ ఒకటే.
నీళ్లు మధ్యాహ్నం మారుస్తారు."
నాది ఎన్నో బండి?
వేళ్లు మడిచి లెక్కపెట్టి, మధ్యలో వదిలేశాడు.

పద్నాలుగు కిలోమీటర్లు?
"చప్పుళ్లేమైనా ఉన్నాయా అని తిప్పి చూశాను."
మరి వినపడలేదా?
నేల చూపులు చూశాడు.
"ఫుట్‌బాల్ పెట్టుకున్నాను."

నవ్వొచ్చింది, నవ్వలేదు.
అతను క్షమించమనలేదు.
ఫరవాలేదని నేనూ అనలేదు.
ఫరవా ఉంది.
పానా అతని తడి చేతిలో పెట్టాను,
అది గబుక్కున జేబులోకి వెళ్లిపోయింది,
షోరూము అద్దంలోంచి టై ఇటు తిరిగేలోపు.

ఇప్పుడు పట్టాలు దాటినా ఏమీ మోగదు.
చెవి మాత్రం ఆ చోటు రాగానే
ఒక్క క్షణం ఆగి చూస్తుంది.
గీతలు ఎక్కడికీ పోలేదు,
దీపం కిందికి రాగానే వలయం కట్టి లేస్తాయి,
దాటగానే అణిగిపోతాయి, మళ్లీ లేస్తాయి.
ఒలీవా నుంచి మా ఇంటికి పదకొండు దీపాలు.
ఇదివరకెప్పుడూ లెక్కపెట్టలేదు.