కన్ను ఎంతుండాలి

గోపాలపురం లైట్‌హౌస్ నీడ
మా గుమ్మం దాటే వేళకి
వల ముందు కూచుంటాను.
కాలి బొటనవేలికి తాడు తగిలించి
కండె ఆడిస్తుంటే
వేళ్ల లెక్క వేళ్లకుంటుంది.
నెత్తళ్లకి చిటికెనవేలు కూడా దూరకూడదు,
కానాగంతలకి రెండు వేళ్లు,
వంజరానికి పిడికిలి.

మొన్న మా మరిది ధనరాజు ఫోన్ పట్టుకొచ్చి
"వదినా, ఎగిరేదానికి కన్నెంత పెట్టాలి?"
అంటే నవ్వాను.
వాడు నవ్వలేదు.

ఒడెస్సా రేవులో గోధుమల ఓడ మీద
రెండు నెలలు ఇరుక్కున్నవాడు వాడు.
ఒడిశాలోనే ఉన్నాడు కదా, భయమేముందని
బ్యాంకు గుమస్తా మాకు ధైర్యం చెప్పాడు.

అక్కడ రయీసా అని ఒకావిడ.
ఓడలో తిండి నిండుకున్నప్పుడు
రొట్టెలు మోసుకొచ్చింది.
ఒకప్పుడు బడిలో రష్యన్ చెప్పేదట.
ఇప్పుడా బడిలోనే, పిల్లలు బంతాడే హాల్లో
పాతికమంది ఆడవాళ్లతో వలలు కడుతోంది.
కట్టమని ఏ ఆఫీసూ చెప్పలేదు.
దారం ఒకరిది, టీ ఒకరిది,
కొడుకు పోయినావిడ కత్తెర తెచ్చింది.
రోడ్డు పొడుగునా గుంజలు పాతి
పెళ్లిపందిరిలా పైన పరుస్తారట.
ఆకాశంలోంచి వాలే డ్రోను
అందులో చిక్కాలి.

ముడి జారిపోతోంది. అదీ ఆవిడ బాధ.
ఫోన్ బిందెకి ఆనించి
నా వేళ్లు చూపించాను.
మా మధ్య మాట లేదు.
తప్పు పడితే నేను "ఛ" అన్నాను,
ఆవిడకి తెలిసిపోయింది.

మా దగ్గరా గీత గీశారు.
తాత బరంపురంలో చేపలమ్మి వచ్చేసరికి
రాష్ట్రం మారిపోయిందట.
నా రేషన్ కార్డు ఒడియా, నా తిట్లు తెలుగు.
ఆ గీత మీదుగా ఇచ్ఛాపురం బస్సు పోతుంది,
చిల్లర లేదని కండక్టరు రెండు భాషల్లో చెబుతాడు.
గీతంటే ఇంతేననుకున్నాను
ఇన్నాళ్లూ.

రయీసా వాళ్లు యూరప్‌లో కలుస్తారట.
ఊరికే కాదు, ముప్పై అయిదు అధ్యాయాల పరీక్షట,
అందులో చేపల పాఠం కూడా ఉందట.
వల కన్ను కొలబద్ద పెట్టి చూస్తారు,
పిల్లచేప తప్పించుకునేంత ఉండాలి.
నాకు ఒళ్లు మండింది.
తాబేళ్లొస్తాయని ఏడు నెలలు
మా పడవల్ని ఇసకెక్కించే చట్టం నాకు తెలుసు.
వల కోసి పారేసిన ఆఫీసరు పేరూ తెలుసు.
చట్టం కావాలని
సైరన్ల కింద నిలబడేవాళ్లుంటారట్రా?

అడిగి చెప్పాడు ధనరాజు,
వాడి వచ్చీరాని ఇంగ్లీషులో:
"కొలవడానికొచ్చినోడితో దెబ్బలాడొచ్చంట వదినా.
ఇదివరకటోళ్లు కొలవనేదు,
వలే అట్టుకుపోయారంట."

వాడు తిరిగొచ్చేటప్పుడు రొమేనియా హద్దులో
పేరడక్కుండా ఎవరో ముసలాయన
ఉన్ని మేజోళ్లు ఇచ్చాడు.
ఈ ఉక్కలో ఎవరికి కావాలి?
ఒకటి నా కండెల సంచి అయింది,
రెండోది ఎక్కడుందో తెలీదు.

నిన్న ఫోన్ కలవలేదు.
అటు కరెంటు లేదట.
లేదటే అనుకుంటున్నాం.

ఆవిడ వలకి నాలుగు వేళ్లు చెప్పాను.
దేన్నీ వదలని కన్ను.
ఆ మాట చెప్పిన రాత్రి నిద్రపట్టలేదు.

ఇవాళ నా వల నాది.
వేలు పెట్టి చూసి
ఎందుకో ఓ గింజంత వదులు చేశాను.
మామ గుమ్మంలోంచి అరిచాడు,
"పిల్లలన్నీ జారిపోతాయే!"

పోనీ, అన్నాను.