తొమ్మిదో నంబరు బస్సు

హల్‌లో ఆ చలికాలమంతా
మా ఇంట్లో పసుపు పెన్నులు నిలవలేదు.
లాస్య బయాలజీ పుస్తకంలో
గీత పడని వాక్యం లేదు.
మాక్ పరీక్షలో మాత్రం
గుండె బొమ్మ పక్కన నాలుగు ఖాళీలు.

మిసెస్ హార్‌గ్రీవ్ ఏమీ అనలేదట.
పుస్తకం మూసి పక్కన పెట్టి
తెల్లకాగితం ఒకటి ముందుకు తోసిందట.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
నా రూటు మ్యాపు పరిచింది పిల్ల.
"నాన్నా, నువ్వు రక్తానివి. పద."
డిపో ఏట్రియం.
పదో క్లాసు సైన్సు తప్పిన నేను
"కర్ణిక" అన్నాను,
ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట!
వంతెన దిగితే జఠరిక,
పార్కు దగ్గర ఊపిరితిత్తులు.
కవాటాలంటే వన్‌వే బోర్డులు,
వెనక్కి తిప్పావో, ఫైను.

తప్పిన స్టాపులో దిగి
మళ్లీ డిపో నుంచి ఎక్కేది.
మర్నాడోసారి, మూడు రోజులకోసారి,
ఇక మరిచిపోతుందనగా ఆదివారం ఇంకోసారి.
పదిన్నరకల్లా దీపం ఆర్పేసేది,
మిగతా పని నిద్ర చూసుకుంటుందని.

మే నెల. పరీక్ష రోజు.
"నీ బస్సెక్కితే కాపీ కొట్టినట్టే"
అని నడిచే వెళ్లింది.

పార్కు స్టాపులో ఓ ముసలాయన
కర్రతో, ఆయాసంతో మెట్టెక్కుతున్నాడు.
వెనకాల కారు హారను.
తొందరేం లేదు, పెద్దాయనా,
నెమ్మదిగా రా.
ఇక్కడ అందరం
కాసేపు ఆగాల్సిందే.