ఐసు ఖర్చు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఫోన్లు విప్పి బిగించే పని నాది.
ఆ వారం అద్దాలు మార్పించుకున్న వాళ్ళకన్నా
వీడియో ఎక్కించుకున్న వాళ్ళే ఎక్కువ.
పదకొండు నిమిషాలు.
గెడ్డ నోట్లో నల్లనీళ్ళు,
పొట్టలు పైకి తేలిన కత్తిపరిగెలు.
మర్నాటికి సిగ్నలు పోయింది.
చూపించడం నేరమని కాగితం అంటించారు.
సిగ్నలుతో పనేముంది,
ఫోన్లోంచి ఫోన్లోకి, చేతిలోంచి చేతిలోకి.

మొదట లెక్క తప్పింది నేనే.
నలభై ముక్కలు చేసి
ఎవరి దగ్గర ఏముందో వాళ్ళకే తెలియకుండా
సమంగా పంచాను, ప్రసాదంలా.
జెట్టీ మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు
ఫోన్లడిగిన పొద్దున్నే
ముప్పై ఒక్క ముక్కలు మాయం.
"నాది కానిదానికి నాకెందుకు దెబ్బలు"
అన్నాడు నూకరాజు.
తప్పేముంది.

మాసేనమ్మ బుట్ట దించి నవ్వింది:
"ఓరి బాబూ, అందరిదీ కలిపి పోసిన గుట్టకి
ఎవులు ఐసేత్తారు?
ఎవుడి సేపకి ఆడేత్తాడు."

ఎవరికి కావలసింది వాళ్ళనే తీసుకోమన్నాను.
చచ్చిన చేపల నిమిషం మాసేనమ్మ పట్టుకుంది,
అది ఆమె అప్పు కనుక.
వల అల్లే పరసయ్యకి పైపు మీద నంబరున్న చోటు.
నూకరాజుకి, తెప్ప పక్కన తను కనిపించే
తొమ్మిది సెకన్లు.
ఆ తొమ్మిది సెకన్ల కోసం వాడు
ఫోన్ని అన్నం డబ్బా అడుగున దాచి
మూడు రోజులు వేటలోనే ఉండిపోయాడు.

నోరు మూయించేవాడికీ ఖర్చుంటుంది.
నా కొట్టొక్కటే అయితే
ఒక తాళం, ఒక సంతకం.
ఇప్పుడు గడపగడపకీ బేరమాడాలి,
హార్బర్లో పాటలాగ
తెల్లారేసరికి రేటు పెరిగిపోతుంది.
వచ్చినవాళ్ళు మాసేనమ్మ గుమ్మం దగ్గరే
సగం రోజు పోగొట్టుకుని
జీపెక్కారు.

గెలిచామని కాదు.
నీళ్ళింకా నల్లగానే ఉన్నాయి.
ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు:
చివరి నిమిషంన్నర ఎవ్వరూ అడగలేదు.
అందులో చేప లేదు, తెప్ప లేదు.
గేటు దగ్గర వాచ్‌మన్ ఒకడు,
మన ఊరివాడు కాదు, మన భాషా కాదు,
దగ్గుతూ ఏదో చెప్తుంటాడు.

నా ఫోన్లోనే ఉంచాను.
నిన్న చోటు చాలలేదు.
మా పాప మొదటి అడుగుల మీద వేలు పెట్టి
తీసేయలేక,
అమ్మకానికి వేలాడదీసిన కార్డుల్లోంచి
ఒకటి నాకే అమ్ముకున్నాను,
అరవై తగ్గించి.
ఖాతాలో ఐసు అని రాశాను.