నాలుగో తరగతి పెట్టె

నాలుగు వైపులా నాలుగు జల్లెడలు,
నెత్తిన ఒక ఫ్యాను, చుట్టూ బ్రౌను టేపు.
సైన్సు చెప్పే తిలకవతి
ఆదివారమంతా కూర్చుని అతికించింది.
కొరుక్కుపేట కార్పొరేషన్ బడిలో
తెలుగు మీడియానికి మిగిలింది మా గది ఒక్కటే.
దేంట్లోనైనా చివర ఉండే మాకు
ఈ పెట్టె మాత్రం ముందొచ్చింది.

కిటికీ తెరిస్తే మణలి పొగ,
మూస్తే ముప్పై ఒక్క మంది ఊపిరి.
తుపాను సెలవులు అయ్యాక
ఒకరి జలుబు ఇంకొకరికి
బలపం ముక్కలా చేతులు మారేది.
మోజెస్ దగ్గితే
ఎక్కం అందుకున్నట్టు
వెనక బెంచీ దాకా అందుకునేవాళ్లు.
మర్నాడు నా హాజరుపట్టీ నిండా సున్నాలు.

మొదటిరోజు దాని హోరులో
నా గొంతు నాకే వినబడలేదు.
"టీచరమ్మా, ఇది పదమూడో ఎక్కం చెప్తా ఉంది,
తప్పు లేకుండా" అంది కరుణావతి.
వారానికల్లా అలవాటైంది.
కరెంటు పోయినప్పుడే
గదిలో ఏదో ఆగినట్టు తలలెత్తేవాళ్లు.

ఈసారి సున్నాలు తగ్గాయి.
వానలూ తగ్గాయి మరి.
ఒక్క ఏడాది లెక్క చాలదంటుంది తిలకవతి,
నేనూ లెక్కల టీచర్నే, తొందరపడను.
కానీ డిసెంబర్లో ఒక రోజు
ముప్పై ఒక్క పేర్లు పిలిస్తే
ముప్పై ఒక్క "ఉన్నాను టీచర్"లు.
పట్టీ మూయబుద్ధి కాలేదు.

సంక్రాంతి సెలవుల ముందు టేపు కోసి చూశాం.
తెల్లగా పెట్టిన జల్లెడ
గూడ్సుబండి అడుగు రంగులో వచ్చింది.
చుట్టూ మూగారు.
"ఇందులో నా దగ్గు ఏదీ?" వెతికాడు మోజెస్.
అందరూ నవ్వారు.
కరుణావతి నవ్వలేదు.
"మా అమ్మ ముక్కుకి కట్టుకునే గుడ్డ
దినామూ ఇట్లానే ఉంటాది."

వాళ్లమ్మ ఈ గదిలోనే నాలుగు దాకా చదివింది.
ఇప్పుడు మా వీధి చెత్తబండి తనదే.

ఆయా అంకమ్మ జల్లెడ పట్టుకుని
తొట్టి దాకా వెళ్లి ఆగిపోయింది.
దాన్ని రేపు ఎత్తేదెవరో
మా అందరికీ తెలుసు.

రెండు కవర్లలో చుట్టాం,
గాలి బయటికి రాకుండా ముడేశాం.
మార్కరు చేతికిస్తే కరుణావతి
నాలుక బయటపెట్టి, ఒత్తులు చూసుకుంటూ,
గుండ్రంగా రాసింది:

అమ్మా, దీన్ని విప్పొద్దు.