లొట్టెల కింద ఇల్లు

అల్లవరం అవతల, మెరక చేసిన చేలో కొత్త కాలనీ.
ఒకటిన్నర సెంటు. నాలుగు సర్వే రాళ్ళు.
చెట్టన్నది లేదు. నీడంటే
కరెంటు స్తంభం గీసిన గీతొక్కటే.
మే నెల, పదకొండు గంటలు.
నా చేతిలో చుట్టిన ప్లాను చెమటకి మెత్తబడింది.

"తాటాకు కప్పితే చల్లగా ఉంటుంది కదా" అన్నాను,
కాలేజీలో చదివినదాన్ని.
నేలపూడి కరుణమ్మ నవ్వలేదు.
"తాటాకు చల్లనేనండి.
తొంభయ్యారు తుఫానుకి లేచిపోయినప్పుడు
ఇంకా చల్లగా ఉందండి.
మా మరిది కొంప అంటుకున్నప్పుడు
వీధంతా బయటే పడుకున్నామండి, చల్లగా.
నాకు శ్లాబు కావాల."

చల్లదనం గురించి నేను దాచుకున్న వాక్యాలు
ఆ ఎండలోనే వడిలిపోయాయి.

మేస్త్రి గుత్తుల ఏడుకొండలు ఏమీ మాట్లాడలేదు.
స్థలం నడిమధ్య గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించాడు.
పొగ తూర్పుకి వంగింది.
"ఇది పడమటిది. అప్పులోడండి, లోపలికి రానివ్వకూడదు."
మూడింటిదాకా కూర్చోబెట్టాడు మమ్మల్ని,
పుచ్చకాయ ముక్కలు తినిపించి.
మూడు దాటాక పొగ ఒక్కసారి తడబడి
ఉత్తరానికి తల తిప్పుకుంది.
ఓడలరేవు మీదుగా ఉప్పు వాసన.
"అదిగో పైరగాలి.
ఇది చుట్టమండి. దీనికి తలుపు తియ్యాల."

ప్లాను తిరగేసి వెనక తెల్లగా ఉన్న చోట మళ్ళీ గీశాను.
పడమట మరుగుదొడ్డి, కట్టెల కొట్టు.
కొట్టే ఎండ ఆ కొట్టునే కొట్టనీ.
దక్షిణాన కిటికీ, మంచమంత ఎత్తులో,
పడుకున్న మనిషి మెడకి తగిలేలా;
ఉత్తరాన కప్పు కింద మూరెడు జాలీ,
వేడెక్కిన గాలి జారుకునే దొడ్డిదారి.
చూరు మూడడుగులు.
"బిల్లు రెండడుగులకే వస్తదండి" అన్నాడు మేస్త్రి.
"మూడోది నేను పెట్టుకుంటా" అంది కరుణమ్మ,
షెడ్డులో రొయ్య తలలు తుంచి తుంచి
తెల్లగా నానిన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ.

శ్లాబు పడింది. చెయ్యి పెడితే బొబ్బ.
అప్పుడు దింపాడు ఏడుకొండలు, ట్రక్కు ఆటోలోంచి
రెండొందల పన్నెండు లొట్టెలు.
వాళ్ళ నాన్న తాళ్ళకి కట్టినవి కొన్ని,
గీత మానేసిన ఇళ్ళల్లో అటకెక్కినవి కొన్ని,
అంచు విరిగినవి, మెడకి తాడు గుర్తు చెరగనివి.
శ్లాబు మీద బోర్లించి, సందుల్లో పెంకుముక్కలు కూరి
సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి పైన మెత్తుతాడట.
"ముంతకింత గాలి దాక్కుంటదండి.
ఎండ దాన్ని దాటేసరికి పొద్దు గూకుద్ది."

"నెత్తి మీద కల్లు ముంతలు పెట్టుకుని
కింద మోకాళ్ళ ప్రార్థన చెయ్యమంటావా, ఏడుకొండలూ?"
అతను తాపీ కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు.
"బోర్లించేను కదండి. చుక్క కూడా మిగల్దు."
ముందు నవ్వింది ఇసక మోస్తున్న పిల్ల.
కరుణమ్మ ఒక లొట్టె తీసి
చెవి దగ్గర పెట్టుకుంది,
సముద్రం వినబడుతుందేమోనన్నట్టు.
"పాస్టరుగారితో మాత్రం అనకండి."

అమలాపురంలో మా ఆఫీసు ఏసీ
చల్లదనం నాకు పోసి
వేడి పక్కింటి టైలరు గదిలోకి పోస్తుంది.
అతను కిటికీకి అట్టముక్క కొట్టుకున్నాడు.
ఇన్నేళ్ళూ అది దుమ్ముకేమో అనుకున్నాను.

మళ్ళీ మే వచ్చింది.
రాత్రి కరెంటు పోయిన వేళ ఫోను.
"ఏం ఇల్లు గీశారండీ మేడంగారూ,
కొవ్వొత్తి నిలవట్లేదు!
అగ్గిపెట్టె సగం అయిపోయింది."
"ఆ దక్షిణం కిటికీ కాస్త మూసుకోండి" అన్నాను.
అవతల కాసేపు మాట లేదు.
ఏదో ఈడ్చిన చప్పుడు, బల్ల కాబోలు.
"మూయడమెందుకండి?
కొవ్వొత్తినే మూలకి జరిపేను."