అండమాన్, రెండో అంతస్తు

పెళ్లయిన మూడో రోజు సాయంత్రం
శంషాబాద్‌లో, బోర్డు మీద
మా విమానం పక్కన ఎర్ర అక్షరాలు వెలిగాయి.
బంగాళాఖాతంలో తుపాను.
దానికీ ఏదో పేరు పెట్టారట,
మాకన్నా ముందు అదే పోర్ట్‌బ్లెయిర్ చేరింది.

ఐలేష్ నన్ను చూశాడు.
నేను సూట్‌కేసును చూశాను.
పద్నాలుగు నెలల చిట్టీ అందులో
రెండు గడ్డి టోపీలుగా, ఒక సన్‌స్క్రీన్ ట్యూబుగా,
చీరల అడుగున దాచిన పూల గౌనుగా
మడతలు పడి ఉంది.

ఇంటికి ఫోన్ చేద్దామా అన్నాను.
చేస్తే మళ్ళీ నాచారం. మళ్ళీ హాల్లో ఇరవై పరుపులు,
మిగిలిన లడ్డూలు, అప్పగింతల ఏడుపు మొదటి నుంచీ.
"చెప్పొద్దు" అన్నాడు.
పెళ్లిలో అన్నవన్నీ పంతులు అనిపించినవే.
ఈ ఒక్క మాటే అతను సొంతంగా అన్నది.

పుష్పక్ బస్సులో ఉప్పల్ దాకా వచ్చి
రాత్రి పదకొండింటికి రామంతాపూర్‌లో
మేం అద్దెకు తీసుకున్న ఇంటి మెట్లు
దొంగల్లా ఎక్కాం.
సున్నం వాసన ఇంకా ఆరలేదు.
పాలు పొంగించిన గిన్నె అడుగున
గోధుమరంగులో ఒక మాడు.
"ఇదిగో, మొదటి దీవి" అన్నాడు.

మెట్టెలు బండ మీద టక్కుమంటే
కింద ఓనరమ్మకు వినిపిస్తుందని
తన డ్యూటీ సాక్సులు నా కాళ్ళకు తొడిగాడు,
పారాణి దిగని వేళ్ళ మీదుగా, మెల్లగా.
మంటపంలో మెట్టెలు తొడిగింది మూడుసార్లు,
ఫొటోగ్రాఫర్ వెలుతురు చాలలేదన్నాడని.
ఇక్కడ వెలుతురే లేదు.
ఒక్కసారికే సరిపోయింది.

పొద్దున్నే అమ్మ ఫోన్.
"సముద్రం సప్పుడు వినిపియ్యి బిడ్డా,
నేనెన్నడు చూడకపోతి."
అతను ఫ్యాను ఐదులో పెట్టాడు.
నేను బకెట్ పెట్టి నల్లా తిప్పాను.
ముందు గాలి బుసకొట్టింది,
తర్వాత మంజీరా నీళ్ళు
ఆగి, దూకి, ఆగి, దూకి.
అమ్మ చాలాసేపు వింది.
"మస్తుగున్నది" అంది.
బకెట్ నిండి పొర్లుతున్నా
నల్లా కట్టబుద్ధి కాలేదు నాకు.

మర్నాడు వంటగదిలో పూల గౌను వేసుకున్నాను.
టోపీ పెట్టుకుని కరెంటు పొయ్యి మీద మ్యాగీ వండాడు.
"ట్యూబ్‌లైటుకు కూడా కమిలిపోతావు"
అంటూ నా మెడ వెనక సన్‌స్క్రీన్ రాస్తుంటే
జుట్టులో జీలకర్ర చేతికి తగిలింది,
బెల్లంతో అంటుకుపోయి, ఎన్ని తలంట్లకూ లొంగక.
ఒక్కో గింజా గిల్లి తీస్తూ అడిగాడు,
నిజం చెప్పు, నీకు ఈతొచ్చా?
రాదన్నాను.
తనకూ రాదట.
ఒకరికొకరం భయం కనపడనీయకుండా
ఇన్నాళ్ళూ స్కూబా వీడియోలు పంపుకున్నాం.

ఆ రాత్రి తుపాను తోక ఉప్పల్ మీద ఊగింది.
ఆగలేక డాబా ఎక్కాం.
సక్కుబాయమ్మ అక్కడే ఉంది,
తడుస్తున్న వడియాల చాప కోసం, టార్చితో.
వెలుగు టోపీ మీద ఆగింది,
గౌను మీద, సాక్సుల మీద.
"అండమాను గింత దగ్గర్ల ఉన్నదా?"
మేం మాట్లాడలేదు.
"సూస్తరేంది, చాప పట్టుర్రి."
ముగ్గురం తలో మూలా పట్టుకున్నాం.
నాలుగో మూల గాలి పట్టుకుంది.

తెల్లారి గుమ్మం ముందు
రెండు కొబ్బరి బొండాలు, స్ట్రాలు గుచ్చి.
కింద నుంచి ఎవరితోనో అంటోంది,
"పైన పిల్లలు ఊర్ల లేరు, ఐతారమొస్తరు."

ఆదివారం వచ్చాం.
దారిలో కోఠీలో ఆటో ఆపి
నూట ఎనభై రూపాయలకు శంఖం కొన్నాం.
ఇల్లంతా అడిగింది, ఎట్లుండె, ఎట్లుండె అని.
నల్లబడలేదేంటని చిన్నత్త నా చెయ్యి తిప్పి చూసింది.

అమ్మ ఒక్కతే ఏమీ అడగలేదు.
శంఖం చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకుని విని,
నా పక్కకు జరిగి, నాకు మాత్రమే వినపడేలా
"మీ నల్లా సప్పుడే నయముండె" అంది.