నలభై ఆరు కిలోలు

పెన్నోబులేసు ట్రాక్టరు చిన్నది.
ముందర లోడరు చేతులు రెండు,
ఎత్తేది రెండొందల యాభై కిలోలు.
అంతకు గింజ ఎక్కువైనా
వెనక చక్రాలు నేల వదిలి
సంతలో బెదిరిన దూడ మాదిరి ఎగురుతాయి.

"కుళ్లాయప్పా, చీనీకాయల క్రేట్లు ఎత్తను
రెండు కొమ్ములు కావల్ల" అన్నాడు.
కంపెనీవి నూటపది కిలోలంట.
నార్పల రోడ్డులో నా షాపు రేకు తలుపు మీద
సుద్దముక్కతో లెక్కేసినా.
రెండొందల యాభైలో నూటపది పోతే నూటనలభై.
క్రేటు ఇరవై రెండు. ఆరు క్రేట్లకే ఆయాసం.
ఇనుము తన ఒంటికి పెట్టుకునే ప్రతి కిలో
కాయ దగ్గర గుంజుకున్నదే.

ఇరవై రెండేండ్ల వెల్డింగులో
గట్టిగా చెయ్యమన్నోళ్లే అందరూ,
గేటు, గొర్రు, ట్రాలీ డోరు.
తేలిగ్గా చెయ్యమన్నోడు ఇతనొక్కడే.
గట్టిగా చేసేకేముంది, ఇంకో పట్టీ అతికిస్తే సరి.
యాడ ఆపల్లో తెలీకనే
రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇనుము యాడిదంటే,
వాళ్ల తూర్పు చేనులో మూడేండ్లు పోసి ఎండిన బోరుది.
రెండించుల జీఐ పైపులు,
ఆరొందల అడుగుల చీకట్లో నిలువునా వేలాడినవి.
నీళ్లు ఏ ఏడు ఎంతకు దిగినాయో
తుప్పు గీతలు చూపిస్తాండాయి.
"ఇది టమోటా పారబోసిన ఏడు.
ఇది ఎద్దులు అమ్మిన ఏడు"
అని పెన్నోబులేసు ఒక్కో గీత మీద వేలు పెట్టినాడు.
నేను గ్రైండరు ఆన్ చేసినా.
మాటకు మందు లేనిచోట చప్పుడే మర్యాద.

జింకు పూత గీకకుండా అతికిస్తే తెల్ల పొగ,
రాత్రికి చలిజ్వరం.
గీకినా రవంత లోపలికి పోతానే ఉంటాది.
బెల్లం ముక్క నోట్లో వేసుకోని
పైపు పక్కన పైపు జతగా పండబెట్టి కుట్టినా,
కింద పట్టీ, మలుపు దగ్గర ముక్కోణం రేకు.

మొదటిసారి ఆ ముక్కోణం మరిచినా.
మా పిల్లోడు బాబయ్య మొన మీద నిలబడి
సిమెంటు మూటలు రెండు ఎత్తుకున్నాడో లేదో
కొమ్ము మెల్లిగా తల వంచింది,
తప్పు ఒప్పుకున్న మనిషి మాదిరి.
ఇరగలేదు. దానికి నేనిచ్చిన మార్కు అదొక్కటే.

పాత ఇనుము అంగడి కాటా మీద నలభై ఆరు.
రెండొందల నాలుగు మిగిలింది.
తొమ్మిది క్రేట్లు!

బేస్తవారం తోటలో మొదటి ఎత్తు.
కాయ మోసే ఆడోళ్లు పని నిలిపి చూసినారు.
తొమ్మిది క్రేట్లు ఒక్కసారే భూమి వదిలినాయి,
వెనక చక్రం లేవలేదు.
పెన్నోబులేసు నవ్వినాడు. నేనూ నవ్వినా.
లింగమ్మ నవ్వలేదు.
"క్రేటుకు నాలుగు రూపాయలకు మోస్తాంటిమి గదప్పా,
ఇది ఎంతకు మోస్తాది?"
డీజిలు లెక్క నోటిదాకా వచ్చింది, మింగినా.
ఎడమ పక్కకు వాలి అట్లే నిలిచిపోయిన ఆమె మెడ
అప్పుడు కనపడింది నాకు.
కొమ్ముకైతే ముక్కోణం వేసినా.

సాయంత్రం దుడ్లు తీసుకోని బండెక్కబోతా చూసినా.
ఎడమ కొమ్ము మొన సరిగా రాయలేదు నేను,
పదును మిగిలింది.
కింది క్రేటు కంతల్లో దూరి కాయలకు గీతలు పడతాండాయి.
లింగమ్మ తన చుట్టకుదురు విప్పింది,
ఆ మొనకు రెండు సుట్లు సుట్టి ముడేసింది,
కోపంతోనో, అలవాటుతోనో.
"గీరుకున్న కాయకు ఎవురికీ ధర రాదు" అన్నాది,
నా దిక్కు చూడకుండానే.

ఆ బట్ట బరువు నా లెక్కలో లేదు.
బండి స్టార్టు చేసి, మళ్లా ఆపి,
గ్రైండరు తెమ్మని
బాబయ్యకు ఫోన్ చేసినా.